పోడ

రాత్రి డ్యూటీలో, రెండో సెలైన్ అయ్యేలోగా
ఫోన్ గొంతు నొక్కేసి చూశాను ఆ చేతుల్ని.
ఎవరో జపాను మనిషి. ముఖం చూపించదు.
మణికట్టు దగ్గర కాలిన మచ్చ,
పొయ్యి దగ్గర బతికేవాళ్ళందరికీ ఉండేదే.
గుడ్డుని విడదీసి
పసుపుని ఒక గిన్నెకీ తెలుపుని ఒక గిన్నెకీ పంపి
చివరికి పళ్ళెంలో ఒకటి పెట్టి కదిపితే
అది వణికింది,
అప్పుడే బొడ్డు కోసిన పిల్ల పొట్టలాగ.

గుణుపురంలో క్రీమ్ చీజ్ దొరకదు.
అడిగితే కొట్టు పాఢి బాబు
గెడ్డానికి రాసుకునే క్రీము చూపించాడు.
బసంతి సాహు దగ్గరికి పోయాను.
ఛెనా తూస్తూ "పోడకేనా?" అంది.
"కాదక్కా. ఇది కాలకూడదు."
తక్కెడ దగ్గర చెయ్యి ఆగింది.
"కాలనిదానికి రుచెక్కడిదే?"

ఒడియాలో పోడ అంటే కాలినది.
మన పోడూ అదే కదా,
కొండ వాలు కాల్చి కొర్ర చల్లేది.
హద్దురాయికి ఇటూ అటూ
మంటకి పేరు ఒక్కటే.

ఛెనాని గుడ్డలో మూటకట్టి పిండాను.
పలుకు తగలకుండా అరచేత్తో మెదిపాను.
మీగడ, వెన్న, గరిటెడు మైదా, నిమ్మచుక్క.
ఐదో గుడ్డు సొన చిట్లి తెలుపులో పడింది.
అంతా రాత్రి అట్టుకని పక్కన పెట్టి
మళ్ళీ మొదటి గుడ్డు దగ్గర్నుంచి.

తెల్లసొన గిలక్కొట్టే వేళకి కరెంటు పోయింది.
దానికి నామీద పగేం లేదు,
అందరితోనూ అంతే.
మా వార్డు ఆయా సుమి రయిక
పక్క క్వార్టర్లో బట్టలారేస్తోంది. కేకేశాను.
మజ్జిగ కవ్వం పట్టుకుని
నేనో నూరు, తనో నూరు.
ఏ వందలో ఉన్నామో మర్చిపోయాక
నురగ కవ్వానికి అంటుకుని
ముక్కులా నిలబడింది, కొస కాస్త వంగి.
వీడియోలో ఆవిడ గిన్నె తలకిందులు చేసింది.
నేను సుమి నెత్తిమీద చేశాను.
పడలేదు.
"పడుంటే?" అంది.
"తలంటు" అన్నాను.

డేగిసాలో నీళ్ళు, నీళ్ళలో గిన్నె,
చెమట కారకుండా మూతకి తువ్వాలు.
సన్నమంట. గంటా పది నిమిషాలు.
మూత తియ్యకూడదు.
తలుపు నెట్టకండి బాబూ, అని
కాన్పుగది బయట మొగాళ్ళకి రోజూ చెప్పేదాన్ని
నాకు నేను నాలుగుసార్లు చెప్పుకున్నాను.
ఐదోసారి వినలేదు.
ఆవిరి మణికట్టు మీంచి పోయింది.

పొంగి ఉంది, అంచు దాటి.
గాలి తగిలేసరికి మా కళ్ళముందే
నడుమ నిట్టూర్చి దిగింది.
వేలెడు పగులు.
కదిపాను. వణికింది,
జపానంత కాదు.

సుమి ముక్క నోట్లో వేసుకుంది.
కాసేపు కదలక, తర్వాత నోరు తెరిచి చూపించింది.
"లేదు. ఎటు పోయింది?"
ఇంకో ముక్క. అదీ పోయింది.
"మా అయ్యకి పళ్ళు లేవు" అంది, నావైపు చూడకుండా.
అడ్డాకులో కట్టిచ్చాను. కొండెక్కేసరికి
అది కేకుగా ఉంటుందో, జావగా ఉంటుందో.

బసంతికీ పట్టుకెళ్ళాను.
"జొరమొచ్చి లేచిన పిల్లలాగుంది" అంది.
తింది. వేలు నాకింది.
లోపలికెళ్ళి ఇనప గరిటె నిప్పుల్లో ఎర్రగా కాల్చి
మిగిలిన ముక్కకి పంచదార చల్లి
చుయ్యిమనిపించింది.
తెల్లటి ఒంటిమీద నల్లటి పొడ.
మనకి పొడంటే మచ్చ.
ఆకుల సందున పడే ఎండనీ
పొడ అనే అంటాం.

తిన్నాను.
ఏది బాగుందో ఇక్కడ రాయను,
ఇద్దరితోనూ నాకు పనుంది.

పళ్ళెం అందుకుంటుంటే బసంతి
నా చెయ్యి పట్టుకుని ఆపింది.
మణికట్టు మీద ఎర్రగా, రూపాయంత.
"నీకూ అయింది, పోడ"
అని పకపకా నవ్వింది.

డ్యూటీకి వేళయింది.
మందు రాసుకోలేదు.